మీసాల చేపలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అంగట్ల మార్పు చేపలని అమ్ముతున్నయి అన్నీ కిల దాటినయే ఉంటున్నయి. అవి నాటువేనా, తైలాండ్ మార్పులా? ఎట్ల గుర్తు పట్టాలె?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: కిలో దాటినవే అన్నారు కదా, అనుమానించడానికి అదొక్కటే చాలు. నాటు మార్పు సాధారణంగా అరకిలో లోపే ఉంటుంది. జనం తైలాండ్ మార్పు అంటున్నది నిజానికి ఆఫ్రికా చేప, శాస్త్రీయ నామం క్లారియస్ గారిపినస్. అది మీటరున్నర దాటి పెరగగలదు. మనది క్లారియస్ మాగుర్. రెండింటికీ నాలుగేసి జతల మీసాలు, వీపంతా సాగిన పొడుగు రెక్క ఉంటాయి. పొలుసులు దేనికీ ఉండవు. అందుకే మీసాలు లెక్కబెట్టి లాభం లేదు.

ముందు తల పైభాగం తడి గుడ్డతో తుడిచి, జిగురు పోయాక వేలితో తడమండి. తల ఎముక వెనక అంచు వీపు వైపు ఎలా సాగిందో తెలుస్తుంది. నాటు చేపకు అది ఒకే మొనతో 'వి' ఆకారంలో ఉంటుంది. ఆఫ్రికా చేపకు 'ఎం' అక్షరంలా గండ్లు పడి ఉంటుంది. తర్వాత చేపను వెల్లకిలా తిప్పండి. తల కింద, తెల్లటి చర్మం మీద, రెండు పక్కలా పొడుగ్గా నల్లటి చారలు కనిపిస్తే అది ఆఫ్రికాదే. తొమ్మిది సెంటీమీటర్ల లోపు పిల్లల్లో ఈ చారలుండవు కాబట్టి పిల్ల చేపల దగ్గర ఈ గుర్తు పనికిరాదు. కోసిన చేపయితే మొదటి మొప్ప తీసి దాని లోపలి దువ్వెన పళ్లు లెక్కపెట్టండి. నాటుదానికి ఇరవైకి అటూ ఇటూ ఉంటాయి. పెద్ద ఆఫ్రికా చేపకు అంతకు ఎన్నో రెట్లు.

రంగును మాత్రం నమ్మొద్దు. నల్ల డ్రమ్ములో రెండు రోజులుంచితే ఏ మార్పయినా నల్లబడుతుంది, ఐసులో పెడితే పాలిపోతుంది. రెండు జాతులను కలిపి తీసిన సంకరాలూ ఉన్నాయి. వాటిలో గుర్తులు మధ్యస్థంగా ఉంటాయి గనుక ఒక్క గుర్తుతో తేల్చేయకండి. ఆఫ్రికా మార్పు పెంపకాన్ని మన దేశంలో 2000లోనే నిషేధించారు. అది పెంపకపు చెరువులోంచి వాగుల్లోకి తప్పించుకుంటే అక్కడి చిన్న చేపలను తినేస్తుంది.

ప్రశ్న: గోదావరిల వలకు పడ్డ చేప వాలుగ పిల్లనా, జెల్లనా అని మాలో మాకే పంచాయితి అయితున్నది. తేడా చెప్పుండ్రి.
– ఒక మత్స్యకారుడు, మంగపేట

జవాబు: వీపు చూడండి, పంచాయితీ అక్కడే తెగుతుంది. జెల్లకు వీపు రెక్క ముందు గట్టి ముల్లు ఉంటుంది. దాని వెనక తోక దాకా మెత్తటి కొవ్వు రెక్క ఇంకొకటి. వాలుగకు ఈ రెండూ లేవు. వీపు మీద చిన్న జెండా లాంటి రెక్క ఒక్కటే ఉంటుంది. మీసాలు జెల్లకు నాలుగు జతలు, వాలుగకు రెండే.

అసలు చిక్కు వాలుగ పిల్లకూ, ఓంపోక్ అనే చిన్న రకానికీ మధ్య. దానికీ రెండు జతల మీసాలే, అదే ఆకారం. నోరు మూసి, పెదవుల మూల ఎక్కడ ఆగిందో చూడండి. వాలుగకు కన్ను దాటి వెనక్కి పోతుంది, ఓంపోక్‌కు కంటిదాకా రాదు. ఓంపోక్‌కు మొప్ప వెనక భుజం మీద నల్ల మచ్చ కూడా ఉంటుంది.

జెల్లల్లో కొవ్వు రెక్క చివర నల్ల మచ్చ ఉంటే అది పెద్దగా పెరిగే స్పెరాటా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు). వాటిలో మీసం తోక మొదలు దాకా వస్తే ఆవోర్ జాతి, వీపు రెక్క దగ్గరే ఆగిపోతే సింఘాలా. మీసం తెగి ఉంటే మూతి చూడండి, సింఘాలాది గరిటెలా చదునుగా ఉంటుంది.

ప్రశ్న: చిన్న మార్పనుకొని పట్టుకుంటే ముల్లు గుచ్చింది, చెయ్యంతా మంట.
– ఒక పాఠకురాలు, భూపాలపల్లి

జవాబు: అది ఇంగిలాయి అనే చేప. మొప్ప పక్క ముల్లులో విషం ఉంటుంది. వేడికి ఆ విషం విరుగుతుంది. గుచ్చుకున్న ముక్క ఉంటే తీసేసి, దాదాపు 45 డిగ్రీల వేడినీళ్లలో చేతిని అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. మంటలో వేడి తెలియక బొబ్బలెక్కుతాయి గనుక ముందు రెండో చేత్తో నీళ్లు చూసుకోండి. ఆ తర్వాత డాక్టరుకు చూపించి టెటనస్ సూది వేయించుకోండి. మార్పుకు వీపు రెక్క పొడుగ్గా ఉంటుంది, ఇంగిలాయికి గోరంతే. ఈసారి పట్టుకునే ముందు అది చూడండి.

ప్రశ్న: పాత పుస్తకంలో నాటు మార్పును క్లారియస్ బట్రాకస్ అన్నారు, కొత్తదాంట్లో మాగుర్ అని ఉంది. రికార్డులో ఏది రాయాలి?
– జంతుశాస్త్ర విద్యార్థిని, హన్మకొండ

జవాబు: మాగుర్ అనే రాయండి. బట్రాకస్ పేరు 1758లో లిన్నేయస్ పెట్టింది. భారతదేశం నుంచి ఇండోనేషియా దాకా అన్నింటికీ అదే వాడుతూ వచ్చారు. 2008లో ఎన్‌జీ, కొటెలాట్ అనే పరిశోధకులు దాన్ని జావా చేపకు పరిమితం చేశారు. దాంతో మన చేపకు 1822లో హామిల్టన్ గంగా చేపలను వర్ణిస్తూ పెట్టిన మాగుర్ పేరే నిలిచింది. జెల్లల్లోనూ ఇదే జరిగింది. మిస్టస్ కవాసియస్ అనుకున్న మయన్మార్ ఇరావతి నది చేపను 2005లో ఫాల్కేరియస్ అనే వేరే జాతిగా విడదీశారు.

ఏ నది చేప అన్నదాన్ని బట్టి పేరు మారుతోంది కాబట్టి నమూనా లేబుల్ మీద జాతి పేరు కన్నా ముందు నది పేరు రాయాలి. మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం. రామప్ప, లక్నవరం చెరువుల నీళ్లు గోదావరికి పోతాయి, పాకాల నీళ్లు మున్నేరు మీదుగా కృష్ణకు. 'వరంగల్ మార్కెట్' అని రాస్తే ఆ చేప ఏ నదిదో ఎవరికీ తెలియదు, లారీలో ఎక్కడినుంచైనా వచ్చి ఉండొచ్చు.

చేప తాజాగా ఉండగానే ఎడమ పక్క, తల పైన, పొట్ట కింద మూడు ఫొటోలు, పక్కన స్కేలు పెట్టి తీయండి. మీసాలను వెనక్కి చాపి, వీపు రెక్కను నిలబెట్టాలి. డీఎన్ఏ కోసం రెక్క ముక్కను 95 శాతం ఇథనాల్‌లో వేశాకే చేపను ఫార్మలిన్ అనే నిల్వ మందులో పెట్టండి (ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు). ఫార్మలిన్ తగిలాక డీఎన్ఏ పాడవుతుంది. లోపలికి మందు ఎక్కడానికి పొట్టకు కుడిపక్కనే గాటు పెట్టండి, కొలతలకు ఎడమ పక్క చెక్కుచెదరకుండా ఉండాలి.