మార్క్ లానెగన్ తొలి సోలో ఆల్బంపై శ్రోతల అభిప్రాయాలు ఇంతగా ఎందుకు వేరుపడతాయి?

నల్గొండలో కలిసి పాటలు వినే మీ మిత్రులలో కొందరు ఆ ఆల్బం ‘ద వైండింగ్ షీట్’ను నెత్తిన పెట్టుకున్నారనీ, మరికొందరు సగంలోనే ఆపేశారనీ రాశారు.

సబ్ పాప్ అనే రికార్డు సంస్థ 1990లో దీన్ని విడుదల చేసేనాటికి లానెగన్ స్క్రీమింగ్ ట్రీస్ అనే అమెరికన్ రాక్ బృందపు గాయకుడు. ఆ బృందపు గిటార్ల హోరును ఆశించి విన్నవారికి ఇక్కడ చాలాచోట్ల నెమ్మదైన గిటార్, బొంగురు గొంతు మాత్రమే ఎదురవుతాయి కనుక వారి నిరాశ సహజమే. పాటలన్నీ ఒకే చీకటిలో సాగుతాయన్న ఆక్షేపణలోనూ కొంత నిజముంది.

మెచ్చుకునేవారిని పట్టి ఉంచేది ఆ గొంతే. అమెరికన్ జానపద గాయకుడు లెడ్‌బెల్లీ గానంతో ప్రసిద్ధమైన ‘వేర్ డిడ్ యూ స్లీప్ లాస్ట్ నైట్’ అనే ఒక పాత జానపద గీతం ఇందులో ఉంది. దానికి నిర్వాణా అనే రాక్ బృందపు గాయకుడు కర్ట్ కొబేన్ గిటార్, అదే బృందంలోని క్రిస్ట్ నోవోసెలిక్ బేస్ గిటార్ వాయించారు. నిర్వాణా బృందం 1993లో న్యూయార్క్ కచేరీలో ఆ గీతాన్నే పాడింది. రెండింటినీ వెంటవెంటనే వినండి: చివరి చరణంలో కొబేన్‌లాగే లానెగన్ కూడా గొంతు చించుకుంటాడు, కానీ ఆల్బంలో చాలాచోట్ల బరువంతా మంద్రంలోనే మోస్తాడు. పాలమూరు వలస కూలీల పాటలు వింటూ పెరిగిన చెవికి, ఆర్భాటం లేకుండా దుఃఖం చెప్పే ఈ పద్ధతి త్వరగా దగ్గరవుతుందని నా గట్టి నమ్మకం.

మధ్యలో ఆపేసినవారికి ముందుగా లానెగన్ 2004 నాటి ఆల్బం ‘బబుల్‌గమ్’ వినిపించండి. ఇంగ్లండ్ గాయని పీజే హార్వీ కూడా గొంతు కలిపిన ఆ ఆల్బంలో వేగం, వైవిధ్యం ఎక్కువ.