ఆరోగ్యశ్రీ ఉన్నా డబ్బు కట్టించుకున్నారు: తిరిగి రాబట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. నా భర్త ఆటో నడుపుతారు. మాకు ఆరోగ్య బీమా లేదు. గత నెల ఆయనకు ఛాతీ నొప్పి వస్తే హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. రేషన్ కార్డు చూపిస్తే, ఆరోగ్యశ్రీ కార్డు లేదు కనుక కుదరదన్నారు. ఏదో కాగితం మీద సంతకం చేయించుకుని స్టెంట్ వేశారు. నగలు కుదువపెట్టి లక్షన్నర కట్టాం. మిగిలిన 40 వేలు కడితేనే పంపుతామని రెండు రోజులు ఆపారు. ఆ డబ్బు తిరిగి వస్తుందా? మా అత్తగారికి 72 ఏళ్లు. రేపు ఆమెకేమైనా అయితే ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీకు బీమా లేదనుకోవడమే మిమ్మల్ని దెబ్బతీసింది. తెలంగాణలో ఆహార భద్రతా కార్డు ఉన్న కుటుంబానికి ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. విడిగా ఆరోగ్యశ్రీ కార్డు లేకపోయినా ఆ రేషన్ కార్డే చాలు. 2023 డిసెంబరులో ఏటా కుటుంబానికి పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. గుండెకు స్టెంట్ వేయడం ఈ పథకంలో ఉన్న చికిత్సే.

కాబట్టి ఆ ఆసుపత్రి ఆరోగ్యశ్రీ జాబితాలో ఉందో లేదో 104కు ఫోన్ చేసి తెలుసుకోండి. ఉంటే, అర్హత ఉన్న రోగి దగ్గర డబ్బు తీసుకోవడం తప్పు. ఆరోగ్యశ్రీ ట్రస్టుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ప్రతిని జిల్లా కలెక్టర్‌కు కూడా ఇవ్వండి.

మీరు సంతకం చేసిన కాగితం సంగతి. ఇలాంటి వాటిలో ‘మా ఇష్టపూర్వకంగా డబ్బు చెల్లించి చికిత్స చేయించుకుంటున్నాం’ అనే వాక్యం ఉంటుంది. భర్త స్ట్రెచర్ మీద ఉండగా భార్య పెట్టే సంతకాన్ని ఇష్టపూర్వకమని ఎలా అంటారు? ఒత్తిడితో తీసుకున్న సమ్మతి స్వేచ్ఛా సమ్మతి కాదని కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. ఆ సంతకానికి భయపడి వెనక్కి తగ్గకండి. ఆ కాగితం నకలును కేసు షీటు (చికిత్స వివరాలు రాసే రికార్డు)తో పాటు ఇవ్వమని దరఖాస్తు పెట్టండి.

డిశ్చార్జి ఆపడం మరీ దారుణం. బాకీ ఉంటే ఆసుపత్రి సివిల్ దావా వేసుకోవచ్చు, అంతేగాని మనిషిని ఆపి ఉంచకూడదు. అది భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) సెక్షన్ 127 కింద అక్రమ నిర్బంధం కిందకు వస్తుంది. ఇంకెవరికైనా ఇలా జరిగితే అక్కడి నుంచే 112కు ఫోన్ చేయాలి. ఇక, ప్రాణాపాయంలో ఉన్నవారికి వైద్యం చేయడం ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి డాక్టరు బాధ్యత అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

డబ్బు రాబట్టుకోవడానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కనుక ఫీజు ఉండదు. ఆసుపత్రి సేవలు ప్రజోపయోగ సేవల కిందకు వస్తాయి కాబట్టి ఇలాంటి సేవల వివాదాలను పరిష్కరించే శాశ్వత లోక్ అదాలత్ కూడా ఒక దారి. ఆసుపత్రి జాబితాలో లేదని తేలితే, ఎమ్మెల్యే ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేయండి. దానికి ఒరిజినల్ బిల్లులు అడుగుతారు. ఇచ్చే ముందు ప్రతి బిల్లుకూ, డిశ్చార్జి సమ్మరీకీ నకళ్లు తీయించి ధ్రువీకరించి పెట్టుకోండి. ఒరిజినళ్లు చేయిదాటిపోయాక కేసు నడపడం చాలా కష్టం.

మీ అత్తగారికి కేంద్రం ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తుంది. 70 నిండితే చాలు, ఆదాయం చూడరు, ఏటా 5 లక్షల వరకు చికిత్స. వయసును ఆధార్ ప్రకారమే లెక్కిస్తారు, అందులో పుట్టిన తేదీ తప్పుంటే ఇప్పుడే సరిచేయించండి. మీవారు రోజంతా రోడ్డు మీద ఉండే మనిషి కనుక ఇంకొకటి చెబుతాను. 2025లో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం అందాలి.

ఈసారి ఎవరిని ఆసుపత్రికి తీసుకెళ్లినా, డబ్బు కౌంటర్ కంటే ముందు ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఉద్యోగి) బల్ల దగ్గరకు వెళ్లండి. కుదరదంటే తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి: ‘ఫలానా రోగిని, ఫలానా సమయానికి తెచ్చాం. ఆరోగ్యశ్రీ కింద చికిత్స కోరుతున్నాం. కాదంటే కారణం రాసివ్వండి.’ నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

లాయరు ఫీజు గురించి దిగులు పడకండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి.