దసరాకి వియత్నామా?

ప్రశ్న: దసరా సెలవుల్లో పిల్లల్నీ, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారినీ తీసుకుని వియత్నాం వెళ్దామనుకుంటున్నాం. హనోయ్, హోయ్ ఆన్, సైగాన్ మూడూ చూడొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: హోయ్ ఆన్ వదిలేయమ్మా. అది ఉన్న మధ్య తీరానికి అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లోనే. తూ బోన్ నది పొంగిందంటే ఆ పాత వీధుల్లో పడవలు తిరుగుతాయి. మీ అత్తగారు ఆ నీళ్లలో ఏం నడుస్తారు? ఉత్తరాన హనోయ్‌లో మాత్రం అప్పటికి ఉక్కపోత తగ్గి హాయిగా ఉంటుంది. నేనైతే ఎక్కువ రోజులు అక్కడా, దానికి దగ్గర్లోని నిన్ బిన్ అనే ఊళ్లోనూ గడుపుతాను. దక్షిణాన సైగాన్‌లో (హో చి మిన్ సిటీ) మధ్యాహ్నాలు జల్లు పడుతుంది, గొడుగు చాలు. హోయ్ ఆన్ చూడాల్సిందేనంటే మార్చి మంచిది (పిల్లల పరీక్షలూ అప్పుడే, ఏం చేస్తాం!). సంక్రాంతికి వెళ్తే సైగాన్, మెకాంగ్ నది డెల్టా వైపు పొడిగా ఉంటుంది. హనోయ్‌కి స్వెట్టర్లు సర్దుకోవాలి.