చూపు పోయింది... ఉద్యోగం వదులుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మావారికి 53 ఏళ్లు, ప్రభుత్వ ఉద్యోగి. షుగరు వల్ల రెండు కళ్లలో రెటీనా దెబ్బతింది. ఆపరేషన్లు చేసినా చూపు రాలేదు, ఇక రాదన్నారు. అన్నం కలిపి పెట్టడంతో సహా అన్నీ నేనే చేస్తున్నాను. ఈమధ్య ఎదురుగా పూలతీగలు, ఎవరో పిల్లలు కనిపిస్తున్నారంటున్నారు. మతి చలించిందేమోనని భయంగా ఉంది. ఉద్యోగానికి రాజీనామా చేస్తానంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ రాజీనామా ఆపండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వం తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం తీసుకుని కార్యాలయంలో అర్జీ పెట్టండి.

ఆ పూలతీగలు పిచ్చి కాదు. రెటీనా నుంచి సంకేతాలు ఆగిపోతే మెదడు తనంతట తానే బొమ్మలు కల్పించుకుంటుంది. దీన్ని చార్లెస్ బోనె సిండ్రోమ్ అంటాం. అవి నిజం కావని ఆయనకు తెలిసి, మాటలేవీ వినపడకపోతే కంగారు అక్కర్లేదు. కనిపించినప్పుడు కళ్లు అటూ ఇటూ తిప్పమనండి. చాలామందికి కాలం గడిచేకొద్దీ తగ్గుతాయి. ఏమనుకుంటారోనని ఎందరో ఇంట్లో చెప్పుకోరు. మీవారు చెప్పడం ఎంతో మంచిదైంది. ఈ సంగతి కంటి డాక్టరుకూ చెప్పండి. మాటలు వినిపిస్తున్నాయన్నా, తికమకగా మాట్లాడినా వెంటనే షుగరు చూసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అన్నం కలిపి పెట్టడం మాత్రం రేపే మానేయండి. ఆయన చేతులకు ఏమీ కాలేదు. కంచంలో కూర ఒకవైపు, పచ్చడి ఒకవైపు రోజూ అదే చోట వడ్డించి చెప్పండి. మెతుకులు కింద పడతాయి, పడనివ్వండి. చెప్పులు, మంచినీళ్లు, కుర్చీ చోటు మారకూడదు. తలుపు పూర్తిగా తీసి ఉంచండి లేదా పూర్తిగా వేయండి. ఓరగా ఉన్న తలుపే నుదుటికి తగులుతుంది. నడిచేటప్పుడు చెయ్యి పట్టి లాగకండి. ఆయన మీ మోచేతి పైభాగం పట్టుకోవాలి, మీరు అర అడుగు ముందు నడవాలి.

మీ కళ్లు తప్పనిసరిగా కావలసింది ఆయన పాదాలకు. షుగరు వల్ల స్పర్శ తగ్గితే గాయం తెలియదు. అరికాళ్లు, వేళ్ల సందులు రోజూ చూడండి. ఇన్సులిన్ వాడుతుంటే మోతాదు కూడా మీరే సరిచూడండి.

తెల్లకర్రతో నడవడం, ఫోను తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడకం శిక్షణతో వస్తాయి. టాక్‌బ్యాక్ తెలుగులోనూ చదువుతుంది కాబట్టి ఆఫీసు పనికీ ఉపయోగం. విజయవాడ తాడిగడపలోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో పునరావాస సేవల గురించి అడగండి.

నిద్ర, ఆకలి లేకపోయినా, బతకడం ఎందుకని అన్నా తేలిగ్గా తీసుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. ఆయన మాట్లాడనంటే మీరే చేయండి.