వేసవిలో బయాలజీ కోర్సు: ఏది తీసుకోవాలి, ఎంత తీసుకోవాలి?

ప్రశ్న: మేడమ్, నేను విశాఖలో బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా పిన్ని కూతురు అమెరికాలో డిగ్రీ చేస్తోంది. ఈ వేసవిలో జెనెటిక్స్, మైక్రోబయాలజీ రెండూ ఆరేసి వారాల్లో పూర్తి చేసేస్తానంటోంది. సెమిస్టర్ పేపర్ ఆరు వారాల్లో ఎలా అయిపోతుంది? మా కాలేజీలో కూడా సెలవుల్లో రెండు కోర్సులు పెడుతున్నారు. ఒకటి జెనెటిక్స్ ల్యాబ్, రెండోది సముద్ర తీరంలోని జీవుల మీద ఫీల్డ్ కోర్సు. అక్క రెండు చేస్తుంటే నువ్వెందుకు చెయ్యలేవని ఇంట్లో ఒకటే పోరు. నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థిని, మధురవాడ

జవాబు: రెండూ వద్దు తల్లీ. ఒక్కటే తీసుకో. నన్నడిగితే ఫీల్డ్ కోర్సు తీసుకో. ఎందుకో చెప్తాను, ఇంట్లో వాళ్లకి కూడా చదివి వినిపించు.

ముందు మీ అక్క సంగతి. అక్కడ సెమిస్టర్ అంటే సుమారు పదిహేను వారాలు. ల్యాబ్ ఉన్న బయాలజీ పేపర్‌కి వారానికి మూడు గంటల లెక్చర్, మూడు గంటల ల్యాబ్ ఉంటాయనుకుందాం. మొత్తం 90 గంటలు. సమ్మర్ సెషన్‌లో తగ్గేది వారాలే, గంటలు కాదు. ఆ 90 గంటలూ ఆరు వారాల్లో పట్టించాలంటే వారానికి 15 గంటలు క్లాసులోనూ ల్యాబ్‌లోనూ కూర్చోవాలి. ఒక గంట లెక్చర్‌కి రెండు గంటలు సొంతంగా చదవాలన్నది అక్కడ మామూలుగా చెప్పే లెక్క. అది కూడా కలిపితే ఒక్క పేపర్‌కే వారానికి 30 గంటలు. మీ అక్క రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేస్తుంటే కష్టమైనా అయ్యే పనే. రెండూ ఒకేసారి పెట్టుకుంటే మాత్రం ఊపిరాడదు. ఈ లెక్క తెలియకుండా ఆమెతో నిన్ను పోల్చడం న్యాయం కాదు.

పైగా మన రాష్ట్రంలో డిగ్రీ రెండో ఏడాది తర్వాత వచ్చే వేసవిలో మీకు ఇంటర్న్‌షిప్ ఉంటుంది. దాని పని గంటలు, రిపోర్టు, వైవా ఉండనే ఉన్నాయి. దానికి తోడు రెండు కోర్సులంటే ఏదీ సరిగ్గా సాగదు. కాలేజీ పెట్టే కోర్సును ఇంటర్న్‌షిప్ కింద లెక్కేస్తారా, విడిగా క్రెడిట్లు ఇస్తారా అన్నది డబ్బు కట్టకముందే మీ హెచ్ఓడీని అడుగు. యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన క్రెడిట్ విధానంలో వేసవి టర్మ్ ఎనిమిది వారాలు, ప్రాక్టికల్స్‌లో ఒక క్రెడిట్‌కి కనీసం 30 గంటలు. పది రోజులు పెట్టి నాలుగు క్రెడిట్లు అన్నారంటే ఆ గంటలు ఎక్కడున్నాయో చూపించమను. మర్యాదగానే అడుగు, కానీ అడుగు.

ఇక అసలు విషయం. క్లాసు గంటల్ని ఎలాగోలా సర్దొచ్చు, ప్రాణి ఎదిగే కాలాన్ని సర్దలేం. వేసవి కోర్సును నేను ఎప్పుడూ ఈ లెక్కతోనే చూస్తాను. మైక్రోబయాలజీకి ఇబ్బంది లేదు. ఈ.కోలై బాక్టీరియాకి అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. సాయంత్రం ప్లేట్‌లో వేస్తే పొద్దుటికి కాలనీలు కనిపిస్తాయి. ఉల్లి వేరు కొనలో కణ విభజన చూడాలన్నా రెండు మూడు రోజులు చాలు. జెనెటిక్స్ అలా కాదు. పండు ఈగ, అదే డ్రోసోఫిలా, గుడ్డు నుంచి ఈగ కావడానికి 25 డిగ్రీల దగ్గర పది రోజులు పడుతుంది. తల్లిదండ్రుల తరం నుంచి మొదటి తరం రావాలి, వాటిని కలిపి రెండో తరం చూడాలి, అప్పుడే ఏ లక్షణం ఎంతమందికి వస్తుందో చెప్పే మెండెల్ నిష్పత్తి నీ కళ్ల ముందు లెక్కకొస్తుంది. ఏ సీసా పాడవకపోయినా నాలుగు వారాలు పోతాయి.

సీసాలు పాడవకుండా ఉండవు. సీసాలో ఈగలకు పెట్టే మేత, అదే మీడియం, అంటే రవ్వ, బెల్లం, అగర్, ఈస్ట్. కాస్త అజాగ్రత్తగా ఉంటే బూజు పట్టేస్తుంది. క్రాస్ పెట్టాలంటే, అంటే మనం ఎంచుకున్న ఆడ, మగ ఈగల్ని కలపాలంటే, ఆడ ఈగ అప్పటికి మగదానితో కలవనిదై ఉండాలి. ప్యూపా నుంచి బయటికొచ్చిన ఎనిమిది గంటల లోపు దాన్ని వేరు చెయ్యాలి. అందుకే పొద్దున్నే వచ్చి సీసాలోని పాత ఈగలన్నీ ఖాళీ చేసి, మధ్యాహ్నానికి కొత్తగా వచ్చినవాటిని మత్తులో ఉంచి, లెన్స్ కింద కుంచెతో అటూ ఇటూ తిప్పి చూస్తారు. పొట్ట చివర నల్లగా, గుండ్రంగా ఉండి, ముందు కాలి మీద చిన్న నల్లటి దువ్వెన ఉంటే మగది. ఈ పని చేతికి అలవాటయ్యేసరికే వారం దాటుతుంది.

విశాఖ మే నెల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. గదిలో వేడి 30 డిగ్రీలు దాటితే మగ ఈగల్లో సంతాన శక్తి పోతుంది. అప్పుడు క్రాస్ ఎంత శ్రద్ధగా పెట్టినా సీసా అడుగున ఒక్క లార్వా కనిపించదు. కాబట్టి ల్యాబ్‌లో చల్లగా ఉంచే బీఓడీ ఇంక్యుబేటర్ పనిచేస్తోందా, కరెంటు పోతే జనరేటర్ ఉందా, కోర్సు కనీసం ఆరు వారాలు ఉందా – ఈ మూడింటికీ ఔనంటేనే జెనెటిక్స్ ల్యాబ్‌లో చేరు. లేకపోతే పాత పిల్లల రికార్డులు చూసి అంకెలు నింపడమే అవుతుంది. ఆ చదువు నీకు వద్దు.

ఫీల్డ్ కోర్సు వైపు ఎందుకు మొగ్గుతున్నానంటే, వేసవి బయాలజీ అన్నది మొదలైందే అలా. 1873లో లూయీ అగస్సీ అనే ప్రకృతి శాస్త్రవేత్త అమెరికాలోని మసాచుసెట్స్ తీరంలో పెనికీస్ అనే చిన్న దీవిలో టీచర్ల కోసం వేసవి బడి పెట్టాడు. ఆడవాళ్లనూ మగవాళ్లనూ కలిపి కూర్చోబెట్టి, పుస్తకం మూసి ముందు ప్రాణిని చూడమన్నాడు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆయన పోయాడు, దీవిలో బడీ ఎక్కువ కాలం నిలవలేదు. కానీ అక్కడికి దగ్గర్లోనే వుడ్స్ హోల్‌లో 1888లో మెరైన్ బయలాజికల్ లేబొరేటరీ వచ్చింది. ఇప్పటికీ అక్కడ వేసవి కోర్సులకు ప్రపంచం నలుమూలల నుంచి వెళ్తారు. సెలవుల్లో సముద్రం దగ్గరికెళ్లి చదవడానికి వాళ్లు అంత దూరం ప్రయాణం చేస్తారు. నీకు సిటీ బస్సు చాలు.

తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం దగ్గర రాళ్ల మీదికి ఆటు సమయంలో వెళ్లు. మన దగ్గర పోటుకీ ఆటుకీ తేడా రెండు మీటర్ల లోపే, అయినా ఆ కాస్త ఎత్తులోనే వరసలు తేడాగా కనిపిస్తాయి. పైన ఎండకు తట్టుకునే చిన్న నత్తలు, వాటి కింద బార్నకిల్స్, ఇంకా కిందకి నీళ్లు నిలిచిన గుంటల్లో సీ ఎనిమోన్లు, పరచినట్టుండే జోయాంథిడ్లు, గవ్వను వీపున మోసుకుంటూ తిరిగే హెర్మిట్ పీతలు. బార్నకిల్‌ని చాలామంది గుల్ల అనుకుంటారు. నీళ్లున్న గుంటలో ఒకదాన్ని ఎంచుకుని, నీడ పడకుండా కూర్చుని లెన్స్ పెట్టి చూడు. పైనున్న తలుపులు తెరుచుకుంటాయి, ఈకల్లాంటి కాళ్లు బయటికొచ్చి నీళ్లను లోపలికి ఊడ్చుకుంటాయి, మళ్లీ మూసుకుంటాయి. రొయ్యకీ పీతకీ అది చుట్టమని అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. కీళ్ల కాళ్ల జీవుల వర్గం, అదే ఆర్థ్రోపొడా గురించి నోట్సులో రాసుకున్నదంతా అక్కడ కదులుతూ కనిపిస్తుంది.

అయితే ఫీల్డ్ కోర్సని పేరు పెట్టినవన్నీ ఫీల్డ్ కోర్సులు కావు. టైమ్‌టేబుల్ చూడు. ఆటు వచ్చే వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు జరుగుతూ పోతుంది. నెల పొడుగునా రోజూ పదింటి నుంచి ఒంటిగంట వరకు తీరంలో క్లాసు అని రాశారంటే, పోటు ఆటు వేళల పట్టిక (టైడ్ టేబుల్) చూసి వేసింది కాదన్నమాట. అమావాస్య, పున్నమి దగ్గర నీళ్లు బాగా వెనక్కి వెళ్తాయి, అసలైన పని ఆ రోజుల్లో ఉండాలి. అర మీటరు చదరపు చట్రం రాయి మీద పెట్టి లోపల ఏవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించాలి, ఆ లెక్కను గ్రాఫ్ దాకా తీసుకెళ్లాలి. ప్రాణుల్ని సీసాల్లో వేసి తెమ్మంటే మాత్రం ఒప్పుకోకు. పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. ఫొటో తియ్యి, బొమ్మ గియ్యి, అక్కడే వదిలెయ్యి.

ఇంకొక్క మాట. ప్రాజెక్టు చేపల మీద అయితే తేదీలు చూసుకో. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి పెట్టారు. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. తెప్పల మీద వెళ్లే వాళ్లకి మినహాయింపు ఉంది, కానీ వాళ్లు తెచ్చే కొద్దిపాటి చేపలతో ట్రాలర్ చేపల మీద ప్రాజెక్టు నడవదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి అమెరికాలో బయాలజీ మేజర్. మొదటి ఏడాది అయింది. వేసవికి ఇంటికొస్తాడని ఎదురుచూస్తుంటే, అక్కడే ఉండి ఆర్గానిక్ కెమిస్ట్రీ, సెల్ బయాలజీ చేస్తానంటున్నాడు. మెడిసిన్‌కి తొందరగా వెళ్లొచ్చట. వేసవిలో క్లాసులు లేకపోతే వీసాకి ఇబ్బంది అని కూడా అంటున్నాడు. నిజమేనా? – ఒక తల్లి, సీతమ్మధార

జవాబు: వీసా గురించి కంగారు పడకండి. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి, తర్వాతి టర్మ్‌కి మళ్లీ చేరతానంటే వేసవి అతనికి సెలవే. చదువు వేసవి టర్మ్‌తోనే మొదలయ్యేవాళ్లకి మాత్రం అప్పుడూ ఫుల్ టైమ్ చదవాలన్న నిబంధన ఉంది. మీ అబ్బాయి సంగతి అది కాదు. బయల్దేరే ముందు కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం ఉందో లేదో చూసుకోమనండి, చాలు.

చదువు విషయానికొస్తే, ఆర్గానిక్ కెమిస్ట్రీ జనరల్ కెమిస్ట్రీ తర్వాత వచ్చే పేపర్. అది కూడా ఒకటి తర్వాత రెండు అని వరసగా చదవాలి. దాన్ని ఆరు వారాల్లో, పక్కన ఇంకో ల్యాబ్ కోర్సు పెట్టుకుని చదివితే మార్కుల మీద దెబ్బ పడుతుంది. వేసవి గ్రేడు కూడా జీపీఏలో మిగతావాటిలాగే పడుతుంది, మెడికల్ కాలేజీలు దాన్నీ చూస్తాయి. అక్కడ చాలా మెడికల్ కాలేజీలు విదేశీ విద్యార్థుల్ని తీసుకోవు. తీసుకునేవి ఏవో, ఆన్‌లైన్‌లో చేసిన ల్యాబ్‌ని ఒప్పుకుంటాయో లేదో ఇప్పుడే చూసుకోమనండి. తక్కువ ఫీజని వేరే కాలేజీలో చేస్తానంటే, ఆ క్రెడిట్లు తన యూనివర్సిటీ తీసుకుంటుందని రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే చేరాలి.

సమ్మర్ సెషన్లు చాలాచోట్ల ఒకేసారి మొదలవవు. కొన్ని మేలో, కొన్ని జూన్ చివర్లోనో జూలైలోనో. తన యూనివర్సిటీ క్యాలెండర్‌లో అలా ఉంటే మే నెలలో ఇంటికి రమ్మనండి, మామిడిపళ్ల కాలంలో మీ దగ్గర ఉంటాడు, తిరిగి వెళ్లి రెండో సెషన్‌లో ఒక్క పేపర్ తీసుకుంటాడు. ఏడాదంతా దూరంగా ఉండి కష్టపడిన పిల్లాడికి ఆ విశ్రాంతి అవసరం. మీరు రమ్మని అడగడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: మాది పాడేరు దగ్గర పల్లె. విశాఖలో బోటనీ చదువుతున్నాను, సెలవుల్లో ఊరెళ్లిపోతాను. ఫోన్‌లో చేసే కోర్సులకు విలువ ఉంటుందా మేడమ్? – ఒక విద్యార్థి

జవాబు: ఉంటుంది బాబూ. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం కోర్సుల దాకా స్వయం ద్వారా చేసే వీలుంది, కానీ మీ కాలేజీ ఆ కోర్సును ముందుగా ఒప్పుకోవాలి. అందులో సెమిస్టర్లు ముఖ్యంగా జనవరిలో, జూలైలో మొదలవుతాయి. కాబట్టి వేసవిలో జూలై కోర్సుకి కావలసిన పునాది చదువుకో, సిగ్నల్ ఉన్న చోట వీడియోలు దించుకుని పెట్టుకో.

ల్యాబ్ లేదని బాధపడకు. నీ ఊరి చుట్టూ ఉన్న అడవి మా సిటీ పిల్లలకు దొరకదు. విస్తర్లు కుట్టే అడ్డాకు తీగ, కల్లు తీసే జీలుగు చెట్టు, నీకు రోజూ కనిపించేవే. అడ్డాకు తీగ వేసవిలోనే పూస్తుంది. పూత ఉన్న చిన్న కొమ్మ కోసి పాత న్యూస్ పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టు. మొదటి వారం రోజూ పేపర్ మార్చు, లేకపోతే నల్లబడుతుంది. తేదీ, చోటు, మొక్క ఎత్తు, మీ ఇంట్లో పెద్దవాళ్లు పిలిచే పేరు, దేనికి వాడతారు అన్నవి లేబుల్ మీద రాయి. పూల రంగు ఎండాక మారిపోతుంది కాబట్టి కోసినప్పుడే రాసుకో. జూన్‌లో ఆ షీట్లు మీ బోటనీ లెక్చరర్‌కి చూపించు. పేరు తేలనివి ఉంటే ఆంధ్రా యూనివర్సిటీ బోటనీ విభాగానికి తీసుకెళ్లడానికి ఆయన్ని ఒక ఉత్తరం రాసిమ్మని అడుగు.