మలబద్ధకం ఉన్న పిల్లల్లో డాక్టర్ ఏమేం పరీక్షిస్తారు?

మలబద్ధకం అని తీసుకెళ్తే పిల్లాడి నడుము, కాళ్లు కూడా ఎందుకు చూశారని అడిగారు. కారణం ఉంది.

ముందు పొట్ట. పేరుకుపోయిన మలం ఎక్కువగా బొడ్డుకి దిగువన ఎడమవైపు గట్టి ముద్దలా చేతికి తగులుతుంది. నొక్కితే వేలి సొట్ట పడుతుంది. తర్వాత మలద్వారం. అక్కడ చిన్న చీలిక కనిపిస్తే, బిడ్డ దొడ్డికి వెళ్లడానికి ఎందుకు భయపడుతోందో తెలిసిపోతుంది. నిక్కరుకి మరకలుంటే, చాలావరకు లోపల మలం నిండి పక్కనుంచి పలుచగా కారుతోందని అర్థం. తెలియకుండా జరిగేదే, దయచేసి తిట్టకండి. మలద్వారంలో వేలు పెట్టి చూడటం ప్రతి బిడ్డకూ అవసరం లేదు.

నడుము కింద వెంట్రుకల కుచ్చు, లోతైన గుంట, కాళ్లలో బలహీనత కనిపిస్తే, మలబద్ధకానికి కారణమయ్యే వెన్నుపాము లోపాన్ని అనుమానిస్తారు. ఇలాంటివి అరుదు. ఎక్కువమంది పిల్లల్లో మలం పేరుకోవడం తప్ప మిగతాదంతా మామూలుగానే ఉంటుంది.

పొట్ట బాగా ఉబ్బి, బరువు సరిగా పెరగక, పుట్టిన 48 గంటల్లోపు మొదటి నల్లటి మలం రాకపోయుంటే మాత్రం హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి ఉందేమో చూడాలి. అందులో పెద్దపేగు చివర నరాల కణాలుండవు. వేలు పెట్టి చూస్తే మలాశయం (మలద్వారానికి పైనున్న పేగు చివరి భాగం) బిగుతుగా, ఖాళీగా తగులుతుంది. వేలు తీయగానే గాలి, మలం ఒక్కసారిగా చిమ్మవచ్చు.