కొత్త స్టార్‌ఫైటర్ గీసేముందు పాతదానికి ఏ రోగమో చూడండి

మీ ప్రశ్న చదవగానే మూడేళ్ల కిందటి నా పైత్యం గుర్తొచ్చింది. "స్పేస్ ఒపెరా, అంటే అంతరిక్ష యుద్ధాల సాహస కథ రాస్తున్నాను. అందులో కొత్తగా వచ్చే తర్వాతి తరం స్టార్‌ఫైటర్ (అంతరిక్షంలో పోరాడే యుద్ధవిమానం) ఎలా ఉండాలి? స్టెల్త్ (శత్రువు కంటపడకుండా ఉండే గుణం), లేజర్లు, ఏఐ పెట్టేస్తే సరిపోతుందా?" అని అడిగారు. నేనూ సరిగ్గా అక్కణ్నుంచే మొదలుపెట్టి బోల్తా పడ్డాను.

పగలు హైదరాబాద్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో త్రీడీ మోడలింగ్ నా ఉద్యోగం. రాత్రిళ్లు ఒక స్నేహితుడు రాసే సీరియల్‌కి బొమ్మలు వేసేవాణ్ని. వాడి కథలో 'పిచ్చుక' అనే పాత ఫైటర్ పోయి 'డేగ' అనే కొత్తది వస్తుంది. ఆ డేగని నాలుగు నెలలు చెక్కాను. ముందుకి వంగిన రెక్కలు, ఎక్కడా అతుకు కనపడని నల్లటి ఒళ్లు, ఆరు లేజర్లు. మా నాన్న వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం ఒంటికి మరమ్మతులు చేసేవాడిగా ఇరవై ఏళ్లు చేసి రిటైరయ్యారు. గర్వంగా లాప్‌టాప్ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు సర్దుకుని, మోడల్‌ని అటూ ఇటూ తిప్పించి చూసి, "బాగుందిరా. చెయ్యి ఎక్కడ పెట్టాలి?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "లోపల ఏదైనా చెడితే ఎక్కడ తెరవాలిరా? ఒక్క ప్యానెల్ లేదు, ఒక్క స్క్రూ లేదు. ఇది విమానం కాదు, సబ్బుబిళ్ల."

రెండ్రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. తర్వాత ఆయన మాట పట్టుకుని నిజమైన ఫైటర్లు ఎలా పుట్టాయో చదవడం మొదలుపెట్టాను. అసలు 'స్టార్‌ఫైటర్' అనే పేరుతో నిజంగానే ఒక విమానం ఉంది, అమెరికా కంపెనీ లాక్‌హీడ్ చేసిన ఎఫ్-104. 1965, 1971 యుద్ధాల్లో పాకిస్తాన్ దగ్గర ఉండేది కాబట్టి నాన్నకి ఆ పేరు బాగా తెలుసు. మీరు డిజైన్ జోలికి వెళ్లకముందే దాని కథ తెలుసుకోండి.

కొరియా యుద్ధం నడుస్తుండగా 1951లో లాక్‌హీడ్ డిజైనర్ కెల్లీ జాన్సన్ నేరుగా అక్కడికి వెళ్లి, మీకేం కావాలని పైలట్లనే అడిగాడు. బరువూ హంగులూ తగ్గించి వేగం, ఎత్తు ఇవ్వండన్నారు వాళ్లు. అలా 1954లో ఎగిరింది ఎఫ్-104. ఒక పొడవాటి గొట్టం, దానికి చెరోపక్కన బెత్తెడు రెక్క. ఆ రెక్కల అంచు ఎంత పల్చనంటే, నేల మీద పనిచేసేవాళ్ల ఒళ్లు కోసుకుపోకుండా దానికి తొడుగులు వేసేవారు. తోక ఎత్తుగా ఉండటంతో, ప్రమాదంలో సీటుతో సహా పైకి దూకే పైలట్ దానికి తగులుతాడేమోనని మొదట్లో సీటు కిందికి ఎగిరిపడేలా పెట్టారు. నేలకి దగ్గరగా ఎగురుతున్నప్పుడు కిందికి దూకడమంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇదే విమానాన్ని పశ్చిమ జర్మనీ తీసుకుని, దానికి బాంబులు, అదనపు పరికరాలు తగిలించి, యూరప్ మబ్బుల్లో, వానల్లో తక్కువ ఎత్తున తిప్పింది. పైలట్లకీ మెకానిక్‌లకీ కొత్త. కొన్న 916 విమానాల్లో 292 కూలిపోయాయి, నూరుమందికి పైగా పైలట్లు పోయారు. అక్కడ దానికి 'విధవల్ని చేసేది' అనే పేరు స్థిరపడిపోయింది.

దీన్నుంచి నాకు దొరికింది ఒక్కటే. కొత్త ఫైటర్ పాత ఫైటర్ మీద ఉన్న ఫిర్యాదుల చిట్టాలోంచి పుడుతుంది. ఆ ఫిర్యాదులు తీర్చే తొందరలో కొత్త రోగాలు తెచ్చుకుంటుంది. అమెరికా ఫైటర్ ఎఫ్-4 ఫాంటమ్ తొలి మోడళ్లలో 'ఇక మిసైళ్ల కాలం' అని తుపాకీ పెట్టలేదు. వియత్నాంలో దెబ్బతిన్నాక ఎఫ్-4ఈలో మళ్లీ లోపలే బిగించాల్సి వచ్చింది. కాబట్టి మీ కథలో పాత ఫైటర్ ఎందుకు ఓడిపోయిందో, దానివల్ల ఎవరు చచ్చారో ముందు రాసుకోండి. మా వాడి కథలో పిచ్చుక గురించి ఉన్నదల్లా 'పాతది, నెమ్మది' అనే రెండు ముక్కలే. అందుకే నా డేగ ఏ ప్రశ్నకీ జవాబు కాలేకపోయింది.

అప్పుడు ఇద్దరం కూర్చుని పిచ్చుకకి ఒక రోగం పెట్టాం. వేడి.

స్పేస్ చల్లగా ఉంటుంది కదా, వేడి దానంతటదే పోతుందనుకుంటాం. పోదు. గాలి లేదు, నీళ్లు లేవు, వేడిని మోసుకెళ్లేది ఏదీ లేదు. ఒంటి మీది నుంచి కిరణాల రూపంలో వెళ్లాల్సిందే. 27 డిగ్రీల దగ్గర ఒక చదరపు మీటరు నల్లటి పలక సుమారు 460 వాట్లు మాత్రమే వదులుతుంది, ఒక మిక్సీ పాటి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఉన్న ఆ పెద్ద పెద్ద రేడియేటర్లు (వేడిని వదిలే పలకలు), అమ్మోనియా గొట్టాలు అన్నీ కలిసి బయటికి పంపేది సుమారు 70 కిలోవాట్లు.

ఇప్పుడు మీ ఫైటర్‌కి 1 మెగావాట్ లేజర్ పెట్టండి. మింగిన కరెంటులో 30 శాతం కాంతిగా మారితే, మిగతా 2.3 మెగావాట్లు వేడిగా లోపలే ఉండిపోతుంది. 27 డిగ్రీల పలకతో దాన్ని వదిలించాలంటే సుమారు 5,000 చదరపు మీటర్లు కావాలి. అంటే ఎకరం పావు! ఫైటర్ వెనకాల ఎకరం పావు పొలాన్ని ఈడ్చుకుంటూ యుద్ధానికి వెళ్లాలన్నమాట. అదే పలకని 727 డిగ్రీలకి, అంటే ఎర్రగా మెరిసేదాకా కాల్చితే 41 చదరపు మీటర్లు చాలు. కానీ మైనస్ 270 డిగ్రీల నల్లటి ఆకాశంలో ఎర్రగా కాలిన పలకంటే ఊరంతటికీ కనపడే దీపం. మీరడిగిన స్టెల్త్ సంగతి అక్కడితో సరి.

సరే, పిచ్చుక లేజర్ వాడిన ప్రతిసారీ రేడియేటర్ రెక్కలు చాపుకోవాలి. చాపినప్పుడు గట్టిగా తిరిగితే అవి విరుగుతాయి. శత్రువు అది కనిపెట్టి, రెక్కలు చాపేదాకా ఆగి కొడతాడు. డేగకి కారణం దొరికింది. రెక్కలు చాపకుండా వేడి వదిలించాలి.

మేం ఎంచుకున్నది నీళ్లు. ఇదేమీ మేం కనిపెట్టింది కాదు. చంద్రుడి మీద అపోలో యాత్రికుల సూట్లు చల్లబడింది నీటిని స్పేస్‌లోకి ఆవిరిగా వదిలే పద్ధతితోనే. కిలో నీళ్లు ఆవిరవడానికి సుమారు 2.26 మెగాజౌళ్ల వేడి కావాలి (ఒక మెగావాట్ అంటే సెకనుకి ఒక మెగాజౌల్). లెక్క కడితే మన లేజర్ నడిచినంతసేపూ సెకనుకి సుమారు కిలో నీళ్లు. 60 లీటర్ల ట్యాంకుంటే ఒక నిమిషం యుద్ధం. ఇక డేగ పైలట్ చూసేది తూటాల లెక్క కాదు, ట్యాంకులో నీళ్లు. ఎండాకాలంలో హైదరాబాద్ అపార్టుమెంటులో ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు. ట్యాంకర్ కోసం ఎదురుచూసే పైలట్ మీద మా వాడు ఒక ఎపిసోడ్ మొత్తం రాశాడు. సీరియల్లో జనం గుర్తుపెట్టుకున్నది అదొక్కటే.

కదలిక గురించి కూడా ఒక మాట. గాల్లో విమానం ఒరిగి తిరుగుతుంది, ఎందుకంటే రెక్క గాలిని పట్టుకుంటుంది. స్పేస్‌లో పట్టుకోవడానికి ఏమీ లేదు. ముక్కుని ఎటైనా తిప్పుకోవచ్చు, ప్రయాణం మాత్రం పాత దారిలోనే సాగుతుంది. సెకనుకి 1 కి.మీ. వేగంతో వెళ్తూ పూర్తిగా వెనక్కి తిరగాలంటే, 9 జీ బలంతో ఇంజిన్ మండించినా 23 సెకన్లు పడుతుంది. 9 జీ అంటే 70 కిలోల మనిషి 630 కిలోల బరువవడం. అందుకని డేగ వెనక్కి తిరగదు. ముక్కు మాత్రం వెనక్కి తిప్పి, పాత దారిలోనే జారుతూ కాలుస్తుంది. దీనికి ముక్కు దగ్గరా తోక దగ్గరా చిన్న చిన్న థ్రస్టర్లు, అంటే ఒంటిని అటూ ఇటూ నెట్టే బుల్లి రాకెట్లు కావాలి. చంద్రయాన్-3 ల్యాండర్ బొమ్మలు చూడండి. దిగడానికి 800 న్యూటన్ల తోపుడు బలమున్న ఇంజిన్లు నాలుగు, ఒళ్లు సరిచేసుకోవడానికి 58 న్యూటన్ల బుల్లి థ్రస్టర్లు ఎనిమిది. నా మోడల్ మీద థ్రస్టర్లు పెట్టగానే అది బొమ్మలా కాకుండా యంత్రంలా కనపడటం మొదలైంది.

రెక్కలు మీ ఇష్టం. గ్రహం మీద దిగేదైతే ఉంచండి, లేదంటే రేడియేటర్లే రెక్కల్లా కనపడతాయి. ఏఐ గురించి నేను పెద్దగా చెప్పలేను. పైలట్ లేకుండా నడిచే ఫైటర్ నమ్మదగ్గదే, కానీ మీ కథలో నీళ్లు అయిపోతున్నాయని భయపడేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలిగా.

ఇంధనం మాత్రం మరిచిపోకండి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మెసర్‌ష్మిట్ మీ-163 అని ఒక రాకెట్ ఫైటర్ చేసింది. దాని రాకెట్ మండేది ఏడెనిమిది నిమిషాలే. తర్వాత ఇంజిన్ లేని గ్లైడర్‌లా కిందికి జారాలి. చక్రాలు టేకాఫ్‌లోనే ఊడిపోయేవి, కింద చెక్కబల్లలా ఒక స్కిడ్ మీద దిగేది. దిగాక కదల్లేదు, ఎవరో వచ్చి లాక్కెళ్లేదాకా శత్రువుకి ఎదురుగా కూర్చోవాలి. ఇంత మంచి సీను ఏ రచయితా ఊరికే కల్పించలేడు.

చివరికి నాన్న అడిగిన 'చెయ్యి ఎక్కడ పెట్టాలి'కి వచ్చాను. విమానాల దగ్గర పని ముగిశాక పనిముట్లు లెక్కపెడతారట. ఒక్క స్పానర్ తక్కువైనా అది దొరికేదాకా ఆ విమానం ఎగరదు. అది విని, వస్తువులన్నీ తేలే అంతరిక్ష హ్యాంగర్‌లో స్క్రూ జారితే ఏమవుతుందని అడిగాను. కాసేపు ఆలోచించి, "కింద పడితే కనీసం టంగుమని చప్పుడైనా వినపడేదిరా. ఇక్కడ తేలుతూ పోయి కాక్‌పిట్‌లో ఏ వైరు వెనకాలో దాక్కుంటుంది. స్క్రూ ఊడి రాకూడదు, ప్యానెల్‌కే అంటిపెట్టుకుని ఉండాలి" అన్నారు. అలాంటి బిగింపులు నిజంగానే ఉన్నాయట.

డేగని మొదట్నుంచి మళ్లీ చేశాను. ఈసారి నీళ్ల ట్యాంకు మూత ఎడమ పక్కన, గ్లవ్ వేసుకున్న చేత్తో తిప్పేంత పెద్దది. దాని చుట్టూ వేలిముద్రల మసి. థ్రస్టర్ల పక్కన 'ఇక్కడ నిలబడొద్దు' అని ఎర్ర అక్షరాలు. ప్యానెళ్లకి మొత్తం 38 బిగింపులు. మళ్లీ నాన్న ముందు పెట్టాను. ఈసారి చాలాసేపు చూశారు. ప్యానెళ్లు వేలితో లెక్కపెట్టుకుంటూ పోయి, పొట్ట కింద ఉన్నదాని దగ్గర ఆగారు.

"దీనికొక్కదానికే పన్నెండా? ఆరు చెయ్యి. నైట్ డ్యూటీలో ఎవడో ఏడుస్తాడు."